ఎడంచేతి పాళీ

మొన్న కళ్ళ పరీక్షకని హైదరాబాదు వెళ్ళేను. డాక్టరుగారు ఒక్క పూటలో తేల్చేసి, ఇంకో ఏడాది దాకా మీ మొహం చూపించక్కర్లేదని పంపించేసేసరికి రెండ్రోజులు ఖాళీ మిగిలిపోయింది. దిగింది మా చెల్లెలి కూతురు సుధ ఇంట్లో. "పెద్దమ్మా, చీరల కొట్లకి వెడదామా" అంది. "ఉన్న చీరలే బీరువాలో ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయే, నన్ను పెన్నుల కొట్లకి తీసుకెళ్ళు" అన్నాను. అది నా వంక జాలిగా చూసింది. మా అమలాపురంలో కూడా ఈ మధ్య అందరూ ఇలాగే చూస్తున్నారు, నాకు అలవాటైపోయింది. సిరా పెన్నుతో తప్ప రాయలేనని చెప్పుకునే మనిషి వాళ్ళకి కట్టెలపొయ్యి మీద తప్ప వండనని భీష్మించుకున్న ముసలమ్మలా కనిపిస్తుంది కాబోలు. కానీ నా పెన్ను పాళీ అరిగిపోయి కాగితం మీద గీరుకుపోతోంది. రాసుకుని బతికినదాన్ని, పాళీ అరిగితే నేనేం చెయ్యను?

మొదటి కొట్టు ఒక పెద్ద మాల్‌లో. పెన్నులన్నీ అద్దాల వెనక, కింద నల్ల ముఖమల్ గుడ్డ, పైన దీపాలు, అచ్చం నగల దుకాణమే. చేతికి తొడుగులు వేసుకున్న అబ్బాయి పెన్ను తీసి చూపించేడు గాని, రాసి చూడచ్చా అంటే మేనేజరుగారిని అడగాలన్నాడు. రాయకుండా పెన్ను కొనడం ఏమిటో నాకు అర్థం కాలేదు, లేచొచ్చేసేం. రెండోది సికింద్రాబాదులో ఇరుకు మెట్లెక్కి వెళ్ళే పాత కొట్టు. అక్కడ ప్రాణం లేచొచ్చింది. ఒక గోడంతా సిరా సీసాలే, నేరేడుపండు రంగు, కాకరాకు రంగు, మబ్బు రంగు. కాలేజీ పిల్లలు నలుగురైదుగురు బల్ల చుట్టూ కూచుని ఒకళ్ళ పెన్ను ఒకళ్ళకి ఇచ్చి రాయించుకుంటున్నారు. ఈ పిచ్చి నాతో పోదన్నమాట అనుకుని సంతోషించేను. కానీ నా పాళీని చూసి ఆ కొట్టాయన, దీన్ని బాగుచేసే మనిషి వేరే ఉందని హిమాయత్‌నగర్ దారి చెప్పేడు.

హిమాయత్‌నగర్‌లో అది కొట్టు కూడా కాదు, ఒక గది. జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ముప్ఫై ఏళ్ళ అమ్మాయి, కంటికి భూతద్దం బిగించుకుని నా పెన్ను వెలుతుర్లో తిప్పి తిప్పి చూసింది. "మేడమ్, ఇది ఒక పక్కనే అరిగింది. మీరు ఏ చేత్తో రాస్తారండీ?" అనడిగింది. నాకు డెబ్బై దగ్గర పడ్డాయి, పుస్తకాలు రాసేను, సభల్లో మైకు ముందు మాట్లాడేను, అయినా ఆ ప్రశ్న వినగానే ఎడంచెయ్యి కొంగు కిందకి వెళ్ళిపోయింది. సుధే చెప్పింది, "పెద్దమ్మది ఎడం చెయ్యండి" అని, మా పెద్దమ్మ కాఫీలో పంచదార వేసుకోదండి అన్నంత తేలిగ్గా. ఆ అమ్మాయి "అలాగా, అయితే ఇవి చూడండి" అని ఒక సొరుగు లాగింది. సొరుగు నిండా ఎడంచేతి పాళీలే. నేను పక్కనున్న స్టూలు లాక్కుని కూచున్నాను. మా నాన్నగారు ఈ సొరుగు చూడకుండా పోయేరే అనిపించింది.

నేను పుట్టి పెరిగింది రాజోలు దగ్గర ఒక ఊళ్ళో. నాన్నగారు చర్చి ఆవరణలో ఉన్న ఎలిమెంటరీ బళ్ళో మేస్టారు. ఊరందరికీ దానియేలు మేస్టారు. మా ఇంట్లో శనివారమంటే ఆదివారానికి తయారయ్యే రోజు. మధ్యాహ్నం అన్నాలయ్యేక అమ్మ ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేసేది, మామ్మ, అంటే నాన్నగారి తల్లి, మర్నాటి కూరలోకి కొబ్బరి తురిమేది, నాన్నగారు వీధరుగు మీద చాప పరుచుకుని పెన్నులకి స్నానం చేయించేవారు. స్నానం అన్నది ఆయన మాటే. ఎనామిలు గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసి, మూత ఒకచోట, గొట్టం ఒకచోట, పాళీ ఒకచోట, పాళీ కిందుండే నల్లటి నాలిక ఒకచోట పెట్టి, నాలిక గాడిలో గడ్డకట్టిన సిరాని బ్లేడు ముక్కతో గీసి, తెల్లగుడ్డ మీద ఆరబెట్టేవారు. కారకుండా మరలకి కొవ్వొత్తి మైనం రాసేవారు. చుట్టుపక్కల వాళ్ళు కూడా తమ పెన్నులు తెచ్చి అరుగు మీద పెట్టేవారు. "మేస్టారండీ, ఇది కక్కేస్తోందండి" అని ఒకళ్ళు, "నాది ఒకటే దగ్గండి, మాట రావట్లేదండి" అని ఇంకొకళ్ళు. "ఆయ్, అలా పెట్టండి, నాడి చూద్దాం" అనేవారు నాన్నగారు. నానబెట్టిన ఇంకు బిళ్ళల వాసన, ఇస్త్రీ బట్టల వాసన, పెరట్లో కొబ్బరిపీచు కాలుతున్న పొగ, ఈ మూడూ కలిస్తే ఇప్పటికీ నాకు శనివారమే.

ఆయన దస్తూరీ ముత్యాలకోవ. కరణంగారి దగ్గరికి పట్టికెళ్ళే అర్జీ అయినా, కొడుకుని హాస్టల్లో చేర్చుకోమనే విన్నపమైనా మా అరుగు మీదే తయారయ్యేది. మేస్టారు రాసిన కాగితమైతే ఆఫీసులో పక్కన పడెయ్యరని మా పేటలో నమ్మకం. రెండు తరాల వెనక మావాళ్ళంతా ఎదటివాళ్ళ చేలల్లో కూలికెళ్ళి, ఎక్కడ వెయ్యమంటే అక్కడ వేలిముద్ర వేసొచ్చినవాళ్ళే. అందుకని రాతంటే మా ఇంట్లో దేవుడి తరవాత దేవుడు. దాన్ని తేలిగ్గా తీసుకునే హక్కు ఎవరికీ లేదు.

అలాంటి ఇంట్లో నేను పుర్రచేత్తో పుట్టేను. ఏదందుకోవాలన్నా ఎడం చెయ్యే ముందుకెళ్ళేది. మామ్మ పాతచీర పీలిక చింపి, అన్నానికి కూచోబెట్టినప్పుడల్లా నా ఎడంచెయ్యి నడుముకి చుట్టి కట్టేసేది. "ఎడంచేత్తో ఇస్తే పుచ్చుకున్నవాళ్ళకి అరగదే పిల్లా" అనేది. అన్నం కుడిచేతికొచ్చింది. ఇవ్వడం, పుచ్చుకోడం, దణ్ణం పెట్టడం, చర్చిలో కానుక వెయ్యడం, అన్నీ కుడిచేతికొచ్చేసేయి. రాత ఒక్కటే రాలేదు. తీర్పునాడు మంచివాళ్ళు గొర్రెల్లా కుడివైపు, పాపులు మేకల్లా ఎడంవైపు అని సండేస్కూల్లో చెప్పినప్పుడల్లా, నా జాగా మేకల్లోనే అని నిశ్చయంగా కూచునేదాన్ని. మామ్మ చెడ్డది కాదు. ఈ మాట నేను గట్టిగా చెప్పాలి. నిన్నగాక మొన్న బడి మెట్లెక్కినవాళ్ళం, వేలెత్తి చూపించడానికి ఎవరికీ సందివ్వకూడదన్నదే ఆవిడ భయం. అది తప్పుడు భయం కాదు, ఆవిడ చూసిన లోకం అలాంటిది.

నాన్నగారి బళ్ళో ఉన్నన్నాళ్ళూ పలక మీద ఏ చేత్తో రాసినా ఆయన ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే అప్పట్లో చాలా పెద్ద సంగతి. చిక్కంతా హైస్కూల్లో మొదలైంది. అక్కడ సిరా పెన్నే వాడాలి, బాల్‌పెన్ను ముట్టుకుంటే దస్తూరీ పాడైపోతుందనేవారు. కుడిచేతివాళ్ళ పాళీ కాగితం మీద ఈడ్చుకుంటూ పోతుంది, నాది తోసుకుంటూ పోయేది. తోస్తే గుచ్చుకుంటుంది, గుచ్చుకుంటే చిమ్ముతుంది, చిమ్మిన తడి మీంచి వెనకాలే నా చెయ్యి వస్తుంది. కొమ్ములు, గుడులు, వత్తులు అన్నీ కలిసి ఒకటే అలుకుడు. చిటికెనవేలి నుంచి మణికట్టు దాకా నీలం. సుద్దముక్కతో అద్దుకుంటూ అద్దుకుంటూ నేను సగం పేజీ రాసేసరికి మిగతావాళ్ళు కాగితం కట్టేసేవారు. ఆరో తరగతి అయిపోతుంటే తెలుగు మేస్టారు నన్ను నిలబెట్టి, "ఏడో తరగతి పరీక్ష కాయితాలు పై ఊళ్ళో దిద్దుతారమ్మా. ఈ పేడకళ్ళాపి ఎవరు చదువుతారు? వేసవిలో కుడిచెయ్యి అలవాటు చేసుకునిరా, లేదంటే బడి మానెయ్" అన్నారు. ఆ మాట ఇంట్లో చెప్పేసరికి మామ్మ, "పోనీ మానిపించండి, కుట్టుమిషను నేర్చుకుంటుంది" అంది. ఆడపిల్ల విషయంలో అంత తేలిగ్గా తెగిపోయేవి ఆ రోజులు. అమ్మ ఏడుపుమొహం పెట్టి, "కుడిచేతికే మార్చేద్దామండీ" అంది. నాన్నగారు గిన్నెలో పాళీ కడుగుతూ, తలెత్తకుండా "చూద్దాం" అన్నారు.

పెన్నులకి పుట్టిల్లు రాజమండ్రి పక్కనే ఉండగా హైదరాబాదు దాకా ఎందుకెళ్ళేరని అడుగుతారు కొందరు. రాజమండ్రి ముందే వెళ్ళొచ్చేరు. ఎడంచేతికని పాళీ రుద్దే పని తెలిసిన ముసలాయన హైదరాబాదులో ఎక్కడో ఉన్నాడని అక్కడే చెప్పేరుట. చిరునామా ఎవరికీ తెలీదు. ఆ వేసవిలో ఉపాధ్యాయుల సభ హైదరాబాదులో పడింది. నన్ను కూడా వెంటబెట్టుకుని బయల్దేరేరు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదారి దాటి, నర్సాపురంలో రైలెక్కేం. కోనసీమ వాళ్ళం ఎక్కడికెళ్ళినా కొబ్బరికాయల సంచీ తప్పదు గదా, అది నా కాళ్ళ దగ్గర. సభలో ఆయన ఎంతసేపు కూచున్నారో నాకు తెలీదు గాని, ఆఖరి రోజు పొద్దున్నించీ మేం పెన్నుల కొట్లు పట్టుకుని తిరిగేం. పెన్నులు తప్ప ఇంకేమీ అమ్మని కొట్టు ఉంటుందని అప్పటిదాకా నాకు తెలీదు. మా ఊళ్ళో పెన్ను అంటే కిరాణా కొట్లో బెల్లానికీ సబ్బుకీ మధ్య దొరికే వస్తువు.

ఆబిడ్సులో మొదటి కొట్లో టై కట్టుకున్న పెద్దమనిషి నాన్నగారి మాటంతా విని, ఒక పెన్ను నింపి "రాసి చూడమ్మా" అని నాకు అందించేరు. పెద్దవాళ్ళు అందిస్తే ఎడంచేత్తో పుచ్చుకుంటానా? కుడిచేత్తో పుచ్చుకున్నాను. పుచ్చుకున్నాక పరాయివాళ్ళ ఎదట ఎడంచేతిలోకి మార్చుకోడమంటే నలుగురిలో చిరిగిన పరికిణీ చూపించుకున్నట్టే. కుడిచేత్తోనే వంకరటింకరగా నాలుగక్షరాలు గీసేను. "పాప కుడిచేత్తోనే రాస్తోంది కదండీ, ఇంకేం" అన్నారాయన. కోఠీలో రెండో కొట్లోనూ ఇదే వరస. బయటికొచ్చేక నాన్నగారు ఎండలో నిలబడి, "నీ చేత్తో రాయమ్మా, ఎవరూ ఏమీ అనరు" అన్నారు. "ఆయ్" అన్నాను. అనడమే గాని, నా ఎడంచెయ్యి పరికిణీ కుచ్చిళ్ళలో పిడికిలి బిగించుకుని కూచుంది. అది నా మాట కూడా వినేలా లేదు.

వెతగ్గా వెతగ్గా మధ్యాహ్నానికి ఆ ముసలాయన దొరికేరు, సందులో సందులో ఒక చిన్న కొట్టు. అందరూ చాచా అంటున్నారు. ముందున్న బల్ల మీద సానరాయి, ఒక భూతద్దం, పొట్లాలు కట్టిన పాళీలు. నాన్నగారు చెప్పిందంతా విని, "రుద్దుత సార్, గని చెయ్యి చూడందే ఎట్ల రుద్దాలె? ఏ దిక్కు వాలుతదో, ఎంత బరువు పెడ్తదో చూడాలె గద. రాయి బిడ్డా" అని పెన్ను అందించేరు. నా కుడిచెయ్యే వెళ్ళింది. చాచా నవ్వేరు. "ఇది గాదు బిడ్డా, నీ అసలు చెయ్యి." నేను తలొంచుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. రాస్తే నా బడి నిలబడుతుందని తెలుసు, ఈ మనిషి తప్ప వేరే దిక్కు లేదనీ తెలుసు, అయినా చెయ్యి బయటికి రాదు. చాచా కాసేపు చూసి, "ఖానాకి పోవాలె సార్, నాలుగింటికి రండ్రి" అని లేవబోయేరు. "అప్పటికి మేం స్టేషన్లో ఉండాలండీ" అన్నారు నాన్నగారు.

నాన్నగారు బల్ల మీదున్న కాగితం తనవైపు జరుపుకున్నారు. నా చేతిలోంచి పెన్ను తీసుకున్నారు. దానివంక ఒకసారి చూసి, ఎడంచేతిలోకి మార్చుకున్నారు. అలా ఆయన పెన్ను పట్టుకోడం నేనెప్పుడూ చూడలేదు. బాగా ముందుకి వంగి, నాలిక చివర పళ్ళ మధ్య పెట్టుకుని రాయడం మొదలెట్టేరు. ఒక్కొక్క అక్షరం దగ్గర ఆగుతున్నారు. 'దా' పెద్దది, 'ని' చిన్నది, 'యే' పక్కకి ఒరిగిపోయింది, 'లు' గీత కిందకి జారింది. దానియేలు. ఊరంతా మెచ్చుకునే మా నాన్నగారి దస్తూరీ కాదది. ఒకటో తరగతి పిల్లాడి రాత. ఆయన బళ్ళో పలకల మీద నేను రోజూ చూసే రాత. వయసొచ్చిన మనిషి కావాలని పిల్లల్లా రాస్తే తెలిసిపోతుంది, ఇది కావాలని రాసింది కాదు. ఆ చేతికి ఆరేళ్ళ దగ్గరే రాత ఆగిపోయింది.

"ఇక్కడిదాకానే వచ్చమ్మా నాకు. ఇక మీద నువ్వు రాయాలి" అని పెన్ను నా వైపు చాచేరు, ఎడంచేత్తోనే. నేనూ ఎడంచేత్తోనే పుచ్చుకున్నాను. చాచా మళ్ళీ కూచున్నారు. నేను రాయడం, ఆయన నా చెయ్యి వంక చూడడం, పాళీ తీసి సానరాయి మీద రెండు తిప్పులు తిప్పడం, మళ్ళీ రాయమనడం, అలా చాలాసేపు జరిగింది. అన్నం మాట ఆయనా ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. ఆఖరికి పాళీ కాగితం మీద నీళ్ళమీద పడవలా జారిపోయింది. అలుకుడు లేదు, గీరుడు లేదు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేయి. నాన్నగారు డబ్బులిచ్చి, అది చాలదన్నట్టు కొబ్బరికాయల సంచీ కూడా ఆయన బల్ల మీద పెట్టేసేరు. "ఇన్ని కాయలు ఏం జేస్కోవాలె సార్" అని చాచా మొత్తుకుంటున్నా వినిపించుకోలేదు.

ఏడో తరగతి గట్టెక్కేను. కుట్టుమిషను మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మామ్మ నా నోట్సు తిరగేసి, "రాత బానే ఉందిలే, అన్నం మాత్రం కుడిచేత్తో తిను" అని ఒప్పందం చేసుకుంది. ఆ ఇంట్లో, అదే వంటింటి పీట మీద, నా కంటే ముందు ఇంకొక చేతికి పీలిక చుట్టింది కూడా ఆవిడే అని నాకు అప్పటికి తెలిసిపోయింది. ఒకసారి తెలిసేక అన్నీ కనబడడం మొదలెట్టేయి. నాన్నగారు కాకిని అదిలించడానికి రాయి విసిరితే ఎడం చెయ్యే లేచేది. చీకట్లో తలుపు గొళ్ళెం వెతికేది ఎడం చెయ్యే. చంటిపిల్లల్ని ఎత్తుకుంటే ఆ చేత్తోనే. పెన్ను ఒక్కదాన్ని తప్ప ఆ చెయ్యి ఏదీ మర్చిపోలేదు. ఆ తరవాత మళ్ళీ ఎప్పుడూ ఆయన దానితో రాయగా నేను చూడలేదు.

ఆ పెన్నుతోనే కాలేజీ చదువు, ఆ పెన్నుతోనే ఉద్యోగం అర్జీ, ఆ పెన్నుతోనే నా కథలన్నీ, ఇప్పుడు అరిగిపోయిందీ ఆ పాళీయే. ఎవరైనా నా రాతని మెచ్చుకున్నప్పుడల్లా లోపల నాన్నగారికి దణ్ణం పెట్టుకుంటాను. చాచాకీ పెట్టుకుంటాను. మొన్న ఆ సందు వెతికేను, కొట్టున్న చోట సెల్‌ఫోను తొడుగులు అమ్ముతున్నారు. హిమాయత్‌నగర్ అమ్మాయి సొరుగులోంచి ఒక పాళీ ఏరుకుని కొన్నాను, ఇదంతా దానితోనే రాస్తున్నాను. అప్పుడే బాగుండేది అని నేను అనను. చేతులు కట్టేసిన కాలాన్ని బాగుందని ఎలా అంటాను? సుధ కొడుకు ఎడంచేత్తో బొమ్మలు గీస్తుంటాడు, ఇంట్లో ఎవరూ అది గమనించను కూడా లేదు, నేను చెప్తే "అవును కదా" అన్నారు. అంత మామూలైపోయింది. ఎంత హాయి! ఒక్క దిగులు మాత్రం ఉంది నాకు. చెయ్యి విడుదలయ్యేసరికి రాతే సన్నగిల్లిపోయింది, పిల్లలు రెండు బొటనవేళ్ళతో కానిచ్చేస్తున్నారు. పోనీలెండి, ఏ వేలికీ పీలిక చుట్టే వాళ్ళు లేరు, అది చాలు.

ఆ రోజు తిరుగు రైల్లో నాకు నిద్ర పట్టలేదు, పెన్ను పిడికిట్లోనే ఉంది. భీమవరం దాటేక తెల్లారింది. నాన్నగారు కిటికీ పక్కన కూచుని కోసేసిన చేల వంక చూస్తున్నారు. దగ్గరికి జరిగి మెల్లిగా అడిగేను.

"నాన్నగారూ, మీది కూడా పుర్రచెయ్యేనా?"

ఆయన మోకాలి మీదున్న ఎడంచేతిని తిప్పి, అరచెయ్యి కేసి చూసుకున్నారు.

"అయ్యుండేదమ్మా" అన్నారు.